మదోడా: గాడిపొయ్యి దగ్గర విన్న మాట

“ఆడదాని చేతి పొయ్యి మీద నేను గరిటె పెట్టనండీ. పెట్టనంటే పెట్టను,” అన్నాడు సూరిబాబు.

“పెట్టకు. గరిటె పట్టడం నీ ఒక్కడికే వచ్చేంటి?” అంది మంగ.

“గరిటె సంగతి సరేలే. రేప్పొద్దున్న అన్నం గుండిగ ఎవడు దింపుతాడు? మీ ఆయనా?”

“మా ఆయన దింపేవాడైతే నేనిక్కడ నీతో మాటలు పడతానా? ఇందాకట్నుంచీ చెబుతున్నా, ముందు గాడి మూతి ఉత్తరానికి తిప్పు. తెల్లారేసరికి గాలి మారిపోద్ది.”

“గాలి గురించి నువ్వు నాకు చెప్పొచ్చేవా? చూడు, ఎలా లాగుతుందో!” అని సూరిబాబు గుప్పెడు ఎండు కొబ్బరాకు ముట్టించి గాడిలో పడేశాడు. మంట నిజంగానే లోపలికి పోయింది. “చూసేరా పిన్నిగారండీ? ఇంత బాగా లాగుతుంటే వంకలు పెడతాదండి ఇది,” అన్నాడు నా వైపు తిరిగి.

“ఇప్పుడు లాగుద్ది. వంట ఇప్పుడు చేస్తావా, రేపు చేస్తావా?” అంది మంగ.

సూరిబాబు గునపం కింద పారేశాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. “మదోడా! లెగండి, పోదాం,” అని అరిచాడు. చెట్ల కింద బీడీలు కాల్చుకుంటున్న నలుగురు మగాళ్ళు లేచారు.

ఇది మొన్న వేసవిలో, మలికిపురం దగ్గర ఒక కొబ్బరితోటలో, పెళ్ళికి ముందురోజు సాయంత్రం జరిగింది. సూరిబాబు మా వంటల జట్టులో పాతవాడు. మంగ నా చేతికింద పని నేర్చుకున్న మనిషి. నేను పని మానేశాక మంగ తన పేరు మీద ఒప్పుకున్న మొదటి పెళ్ళి అది. ఆ మగాళ్ళు వెళ్ళిపోయి, మర్నాడు విస్తళ్ళ ముందు జనం కూర్చున్నాక అన్నం రాకపోతే, ఈ కోనసీమలో మంగని ఇంకెవరూ పెళ్ళివంటకి పిలవరు. నేను ఊరికే చూసిపోదామని వెళ్ళి, కుర్చీలో కూర్చుని ఉన్నాను.

ఆ సాయంత్రం సంగతి చివర చెబుతాను. ముందు ఈ పని ఎలాంటిదో చెప్పకపోతే, ఆ గొడవ ఎందుకో మీకు అర్థం కాదు.

పని అంటే ఏమిటి

నేను చదివింది నాలుగో క్లాసు దాకా. ఇప్పుడు వంట నేర్పడానికి కాలేజీలు ఉన్నాయట. తెల్లటి టోపీలు పెట్టుకుంటారట. ఆ పిల్లలు ఇద్దరు ముగ్గురు నా దగ్గరికి వచ్చి, “మామ్మగారూ, మీ అనుభవాలు చెప్పండి,” అన్నారు. చెప్పడం కన్నా రాయడం మేలనిపించింది. చెబుతుంటే మధ్యలో ఫోను చూసుకుంటున్నారు.

పెళ్ళివంట అంటే రుచి అనుకుంటారు మీరు. రుచి ఇంట్లో వంట. పెళ్ళివంటలో మొదటిది నిప్పు, రెండోది నీళ్ళు, మూడోది వేళ. ఈ మూడూ కుదిరాక ఉప్పు సంగతి చూసుకోవచ్చు. వేళకి అన్నం పెట్టలేని మేస్త్రి చేతిలో అమృతం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

గ్యాసు వచ్చాక నిప్పు గురించి తెలిసినవాళ్ళు తగ్గిపోయారు. మళ్ళీ ఈమధ్య కట్టెల పొయ్యి మీద వండితేనే గొప్ప అని ఒక సరదా పుట్టింది. పెళ్ళికూతురి తండ్రులు ఫోటోలు చూపించి, “ఇలాగే పొగ రావాలండి,” అంటున్నారు. పొగ వస్తే అది చెడ్డ పొయ్యి అని వాళ్ళకి తెలియదు.

గాడిపొయ్యి అంటే నేలలో పొడుగ్గా తవ్విన కందకం. రెండు పక్కలా ఇటుకలు పేర్చి, పైన వరసగా గుండిగలు పెడతారు. ఒక చివర నుంచి కట్టెలు తోస్తారు, దాన్ని మూతి అంటాం. గాలి మూతిలోంచి దూరి, మంటని చివరి గుండిగ దాకా తీసుకుపోవాలి. మూతి తప్పు దిక్కున పెడితే మంట వెనక్కి తిరిగి వండేవాళ్ళ మొహం మీదికి వస్తుంది. చివరి గుండిగలో పప్పు మధ్యాహ్నం దాకా పచ్చిగానే ఉంటుంది.

ఇంకో సంగతి. మన లంకల్లో నేల కింద నీళ్ళు ఎక్కడో ఉండవు. మోకాలి లోతు దాటి తవ్వితే ఊట వచ్చేస్తుంది. అడుగున చెమ్మ ఉంటే మంట నిలవదు. అందుకని తక్కువ లోతు తవ్వి, పొడి ఇసక పోసి, పక్కలు ఇటుకలతో ఎత్తు చేసుకోవాలి. ఇది పుస్తకంలో ఉందో లేదో నాకు తెలియదు. లేకపోతే రాసుకోండి.

వెంకన్న మేస్త్రి

నాకు పని నేర్పినవాడు వెంకన్న మేస్త్రి. మంచివాడు అని చెప్పలేను. నోరు తెరిస్తే తిట్టు. అరటికాయ చెక్కు మందంగా తీస్తే ఆ చెక్కు తీసుకొచ్చి మొహం మీద కొట్టేవాడు. “ఇది ఎవడి సొమ్మే? మీ బాబుదా?” అనేవాడు. ఆ తిట్టుకి నేను ఏడవలేదు. న్యాయమైన తిట్టే కదా.

ఆయన దగ్గర ఒక నియమం ఉండేది. గాడి ఎవడు తవ్వితే వాడే పొయ్యి ముట్టించాలి. పసుపు, కుంకుమ, కర్పూరం, అన్నీ వాడి చేతి మీదుగానే. ఎందుకని ఒకసారి అడిగాను.

“పొగొస్తే ఎవణ్ణి తన్నాలో తెలవాలి కదే,” అన్నాడు.

అంతే దాని వెనక ఉన్నది. తవ్వినవాడికి గాలి తెలుసు, చెమ్మ తెలుసు. తప్పు జరిగితే తప్పించుకోడానికి ఉండదు. అప్పట్లో తవ్వేది మగాళ్ళు కాబట్టి ముట్టించేది మగాళ్ళే అయ్యారు. మేం కూరలు తరిగేవాళ్ళం, పప్పు ఏరేవాళ్ళం, గిన్నెలు తోమేవాళ్ళం.

వెంకన్న మేస్త్రి పోయాక జట్టు ఆయన మేనల్లుడు సత్తిరాజు చేతికి వచ్చింది. సత్తిరాజుకి తవ్వడం అంటే బద్ధకం. ఏ కూలివాడి చేతనో తవ్వించి, తను చొక్కా గుండీలు పెట్టుకుని వచ్చి కర్పూరం వెలిగించేవాడు. ఎవరైనా అడిగితే, “మగచెయ్యి పడాలండి. అది మన ఆచారం,” అనేవాడు. అలా తవ్వినవాడి చెయ్యి పోయి మగచెయ్యి మిగిలింది. బద్ధకస్తుడు ఒకడు చాలు, ఆచారం మారిపోవడానికి. ఆ తరవాత వచ్చినవాళ్ళందరూ అది తాతలనాటిది అనే అనుకున్నారు.

కుర్చీలో వచ్చిన మగచెయ్యి

ఆ ఆచారం ఎంత గొప్పదో ఆలమూరులో ఒక పెళ్ళికి చూశాం.

పెళ్ళి పగటిపూట. పొద్దున్నే గాడి తయారుగా ఉంది, గుండిగల్లో నీళ్ళు పోసి ఉన్నాయి, బియ్యం కడిగి ఉన్నాయి. మగాళ్ళు లేరు. సత్తిరాజుతో సహా అందరూ పక్క ఊళ్ళో కోడిపందెం అని వెళ్ళారు. “ఇప్పుడే వచ్చేస్తాం,” అని చెప్పే వెళ్ళారు. సూర్యుడు కొబ్బరిచెట్ల పైకి వచ్చినా వాళ్ళు రాలేదు.

మేం నలుగురు ఆడవాళ్ళం. అగ్గిపెట్టె నా కొంగున ఉంది. ముట్టిస్తానని లేచాను. పెళ్ళివారి పెద్దావిడ అడ్డం వచ్చింది.

“వద్దమ్మా వద్దు! శుభమా అని పెళ్ళి జరుగుతుంటే ఇదేం పని?”

“వేళైపోతుందండీ.”

“మగచెయ్యి పడాలని మీ మేస్త్రే చెప్పేడు కదమ్మా!”

ఇంట్లో మగాళ్ళంతా మగపెళ్ళివారిని తీసుకురావడానికి రేవుకి వెళ్ళారు. చివరికి మంచం పట్టిన తాతగారు ఒకాయన ఉన్నారని ఎవరికో గుర్తు వచ్చింది. ఆయన నడవలేరు. అందుకని కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీతో సహా ఎత్తుకొచ్చి గాడి ముందు పెట్టారు.

ఎవరు ఎత్తుకొచ్చారు? మేమే. నలుగురు ఆడవాళ్ళం, కుర్చీకి నాలుగు కాళ్ళు. పెద్ద భారీ మనిషి ఆయన. మగచెయ్యి కావాలి గనక మగాణ్ణి మొత్తం మోయాల్సి వచ్చింది.

ఆయన చేతులు వణుకుతున్నాయి. ఒక పుల్ల ఆరిపోయింది. ఇంకొకటి ఆయన వేలే కాల్చింది. చివరికి నేను ఆయన చేతిని నా చేత్తో పట్టుకుని ముట్టించాను. పెద్దావిడ సంతోషించింది. ఆ వేలికి వెన్న రాసిందీ నేనే.

మగపెళ్ళివారు వచ్చేసరికి అన్నం ఎసరు మీదే ఉంది. ఆకలితో ఉన్న పెళ్ళివారు ఎలాంటి మాటలు అంటారో మీకు తెలుసు కదా, అవన్నీ అన్నారు. సత్తిరాజు సాయంత్రం వచ్చి, “ఆడాళ్ళని నమ్ముకుంటే ఇలాగే ఉంటాదండి,” అని చెప్పాడు. ఆ ఊరి వాళ్ళు ఆ జట్టుని మళ్ళీ పిలవలేదు. కొన్నాళ్ళకి జట్టు నా చేతికి వచ్చింది. నేను తీసుకున్నానని చెప్పుకోను. మోసేవాడు లేక నా నెత్తిన పడింది.

సూరిబాబు తెచ్చిన మాట

సూరిబాబు నా జట్టులో కుర్రాడుగా ఉన్నప్పుడు బాగానే పని చేసేవాడు. పనసపొట్టు కొట్టడంలో వాడి చెయ్యి ఇప్పటికీ మంచిదే. అది ఒప్పుకోవాలి. తరవాత ఒక ఏజెంటు మాట నమ్మి ఆఫ్రికాలో డర్బన్ అనే ఊరికి వెళ్ళాడు. అక్కడ ఒక హోటలు వంటగదిలో కొన్నేళ్ళు పని చేసి వచ్చాడు. వచ్చేటప్పుడు నల్లకళ్ళద్దాలు, ఒక మాట తెచ్చుకున్నాడు. కళ్ళద్దాలు విరిగిపోయాయి. మాట ఉండిపోయింది.

గుండిగ దింపాల్సి వచ్చినప్పుడల్లా, “మదోడా!” అని కేక వేసేవాడు. ఆ కేకకి మగాళ్ళంతా వచ్చి కర్రలు దూర్చి ఎత్తేవారు. కొత్త మాట కదా, అందరికీ సరదాగా ఉండేది. రానురాను పని ఉన్నా లేకపోయినా మదోడానే. టీ తాగడానికి మదోడా. చీట్లపేకకి మదోడా. పని ఎగ్గొట్టడానికి మదోడా.

ఒకరోజు అడిగాను. “ఏరా, ఆ కూత ఏంట్రా?”

“మగాళ్ళూ అనండి, పిన్నిగారూ. అక్కడ పెద్ద పెద్ద బరువులెత్తేటప్పుడు అలాగే పిలుచుకుంటారండి.”

“మరి ఆడవాళ్ళు ఎత్తితే ఏమని పిలుస్తారు?”

“ఆడాళ్ళెందుకెత్తుతారండి?” అని నవ్వాడు.

అలా నవ్వుతున్నప్పుడు వాడి వెనకాల మంగ, ఇంకో ఆవిడా తడి బియ్యం గంప మోసుకుపోతున్నారు. వాడు తప్పుకుని దారి ఇచ్చాడు. చూడలేదని అనలేను. చూసే తప్పుకున్నాడు.

డర్బన్ ఆవిడ

నగరం అనే ఊళ్ళో ఒకరింట వ్రతానికి వంట చేయడానికి వెళ్ళాం. ఆ ఇంటికి డర్బన్ నుంచి ఒకావిడ వచ్చింది. పూర్వం తెల్లదొరల కాలంలో చెరకుతోటల పనికి ఓడ ఎక్కి పోయినవాళ్ళ సంతతి. అక్కడ బళ్ళో టీచరుగా చేసి మానేసిందట. తన పెద్దలు ఈ పక్కనుంచే వెళ్ళారని తెలిసి చూడటానికి వచ్చింది. ఆవిడకి తెలుగు కాస్త కాస్త వచ్చు. ముసలి నాయనమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగు. తట్టనప్పుడు ఆ ఇంటి కోడలు అందుకుని చెప్పేది.

భోజనాలయ్యాక ఆవిడ వంటల దగ్గరికి వచ్చి కూర్చుంది. సరిగ్గా అప్పుడే సూరిబాబు గిన్నెలు ఎత్తడానికి మదోడా అని అరిచాడు. ఆవిడ ఉలిక్కిపడి, తరవాత కడుపు పట్టుకుని నవ్వింది.

“ఈ మాట ఇక్కడికి ఎలా వచ్చిందమ్మా?”

“మా వాడు మోసుకొచ్చాడు. అర్థం ఏమిటి తల్లీ?”

ఆవిడ వివరంగా చెప్పింది. ఒక్క మగాడైతే ఇందోడ. చాలామంది అయితే అమదోడ. అందరినీ కలిపి పిలిస్తే మదోడా. డర్బన్ చుట్టుపక్కల ఉండే జులూ వాళ్ళూ అంటారు, దూరాన ఉండే ఖోసా వాళ్ళూ అంటారు. స్వాజీ వాళ్ళు కాస్త నాలుక మడిచి ఇంద్వోద్జ అంటారు. ఈ భాషలన్నీ అక్కచెల్లెళ్ళట. అందరినీ కలిపి న్గూనీ వాళ్ళంటారట.

“మొదట ఎక్కడ పుట్టిందండి ఈ మాట?” అని అడిగాను.

“అది తెలీదమ్మా. అక్కచెల్లెళ్ళందరి ఇళ్ళల్లోనూ ఒకే బిందె ఉంటే, అది వాళ్ళమ్మ ఇచ్చిందే అనుకోవాలి కదా. వాళ్ళు విడిపోకముందు నుంచీ ఉన్న మాట.”

నాకు ఆ జవాబు నచ్చింది. తెలియనిదాన్ని తెలియదు అంది. మన పక్క అయితే ఏదో ఒక రుషి పేరు చెప్పేసేవారు.

తరవాత ఇంకో సంగతి చెప్పింది. ఖోసా వాళ్ళలో మగపిల్లవాడు పెద్దవాడైతే చాలదట. ఊరికి దూరంగా గుడిసెలో కొన్నాళ్ళు ఉంచి, సున్తీ కోత కోసి, పెద్దలు బుద్ధులు చెప్పి, ఒళ్ళంతా తెల్లమట్టి పూసి, మళ్ళీ ఊళ్ళోకి తీసుకొస్తారట. అప్పటినుంచే వాడు ఇందోడ. అప్పటిదాకా కుర్రాడే. అది దాటనివాడు జుట్టు నెరిసినా కుర్రాడే. పెద్దల మధ్య కూర్చోనివ్వరు, మాట చెల్లదు.

“అయితే అది దాటినవాళ్ళంతా మంచివాళ్ళేనా?” అన్నాను.

ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి మళ్ళీ నవ్వింది. “తెల్లమట్టి కడుక్కోగానే చెప్పినవన్నీ కడిగేసుకునేవాళ్ళు అక్కడా ఉంటారమ్మా.”

లేస్తూ లేస్తూ, జులూలో కూతుర్ని ఇందోడకాజి అంటారని కూడా చెప్పింది. మగాడి మాటకే తోక తగిలించి కూతురికి పెట్టుకున్నారు. నేను సూరిబాబుని పిలిచి ఆవిడ ముందే అడిగాను. “ఇది తెలుసుట్రా నీకు?”

“తెలీదండి. మేం వంటగదిలోనే ఉండేవాళ్ళమండి,” అన్నాడు.

నేను చాలా రోజులు దీని గురించి ఆలోచించాను. ఆ కోతలు, గుడిసెలు నాకు తెలియని సంగతి. మంచిదని అనను, చెడ్డదని అనను. ఒకటి మాత్రం చూడండి. అక్కడ ఆ మాట ఇవ్వడానికి ఊరంతా కలిసి ఒక గుమ్మం కట్టింది. ఇక్కడ మంత్రసాని ఒక్క చూపు చూసి ఇచ్చేస్తుంది. ఆ తరవాత వాడు ఏం చేసినా, ఏం చేయకపోయినా, ఎవరూ తిరిగి తీసుకోరు. ఊరికే వచ్చినదానికి విలువ ఉండదని మీరు కూరలో వేసే నూనె విషయంలో చెబితే వింటారు. ఇక్కడ చెబితే కోపం వస్తుంది.

మంగ

మంగకి భర్త ఉన్నాడు. ఉన్నాడంటే, రేషను కార్డులో ఉన్నాడు. మంచి తెల్లపంచె కట్టుకుని రాజోలు సెంటర్లో కూర్చుంటాడు. ఎవరైనా ఏం పనిరా అంటే, “మా ఆవిడ వంటలకి వెళ్తాదండి,” అంటాడు. ఇంట్లో బల్బు పోతే మంగ వచ్చేదాకా చీకట్లోనే కూర్చునే మనిషి. అయినా ఊళ్ళో మంగకి మగదిక్కు ఉంది అంటారు. వాడు పోతే మగదిక్కు లేనిది అంటారు. ఏం తేడా వస్తుందో నాకు తెలియదు. ఒక పంచె ఉతకడం తగ్గుతుంది.

మంగకి నేను పెట్టిన పరీక్షలు ఎవరికీ పెట్టలేదు. తిట్టాను, మాడిన గుండిగ తోమించాను. వర్షంలో టార్పాలిను పట్టుకుని నిలబడి పొయ్యి కాపాడింది ఒకసారి. సూరిబాబు అప్పుడు వ్యాను ఎక్కి కూర్చున్నాడు. నేను పని మానేసినప్పుడు జట్టు మంగకి అప్పజెప్పాను. మగాళ్ళు ఏమీ అనలేదు. అనకపోవడం ఒప్పుకోవడం కాదని నాకు తెలుసు. అవకాశం కోసం చూస్తూ కూర్చున్నారు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చే ఆడపిల్లలకి చెబుతున్నాను. మీ కింద పని చేసే మగాడు మీ తప్పు కోసం ఎదురుచూడడు. తన తప్పు మీరు చూపించే రోజు కోసం ఎదురుచూస్తాడు. గొడవ పెట్టుకోవడానికి వాడికి అదే సాకు.

మళ్ళీ ఆ సాయంత్రం

సూరిబాబు గాడి మూతిని దక్షిణం వైపు పెట్టాడు. సముద్రం అటే ఉంది, సాయంత్రం గాలి అటునుంచే వస్తుంది. తెల్లవారేసరికి గాలి నేల మీదనుంచి సముద్రం వైపు తిరుగుతుందని సముద్రపు పక్క పుట్టి పెరిగినవాడికి ఎవరైనా చెప్పాలా? ఇన్నేళ్ళూ గ్యాసు తిప్పి తిప్పి మరిచిపోయాడు. మరిచిపోవడం తప్పు కాదు. మంగ గుర్తు చేయడమే తప్పైపోయింది. ఆ కోపం అంతా పొయ్యి ముట్టించే చెయ్యి మీదికి మళ్ళించాడు.

వాళ్ళు బండ్లు తీస్తున్న చప్పుడు విని పెళ్ళికూతురి తండ్రి రామ్మూర్తిగారు పరుగెత్తుకొచ్చారు. మర్యాదస్తుడు, భయస్తుడు.

“ఏంటండీ మామ్మగారూ ఇది? వీళ్ళు వెళ్ళిపోతే ఎలాగండి? రాజోలు నుంచి ఇంకో జట్టుని పిలిచేమంటారా? ఇప్పుడైతే వస్తారు.”

మంగ అప్పటికీ నా వైపు చూడలేదు. గాడి వైపు చూస్తోంది.

“పిలవండి. మీ ఇష్టం,” అన్నాను. “మీకు అసలు ఇబ్బంది ఏమిటి?”

“మరేం లేదండి. సూరిబాబుగారు అంటన్నారు, మగచెయ్యి పడకపోతే...”

“మీ నాన్నగారి పెళ్ళికి ఈ తోటలోనే వెంకన్న మేస్త్రి గాడి తవ్వాడు. తవ్వినవాడే ముట్టించాలని ఆయన నియమం. మగాడు కాబట్టి కాదు, తవ్వాడు కాబట్టి. మీ నాన్నగారు ఎప్పుడూ చెప్పలేదా?”

“ఆయ్, తవ్వినోడే వెలిగించేడని నాన్నగారనేవారండి. అది నిజమేనండి.” ఆయన కాసేపు తల గోక్కున్నారు. “అయితే మరి ఈ గాడి తవ్వింది సూరిబాబుగారు కదండీ?”

దూరం నుంచి సూరిబాబు విన్నాడు. బండి మీద కూర్చునే, “అద్గదీ! అలా అడగండి!” అన్నాడు.

నేను జవాబు చెప్పేలోగా మంగ పార అందుకుంది. సూరిబాబు తవ్విన గాడిలోకి మట్టి తోయడం మొదలుపెట్టింది. మూతి దగ్గర మొదలుపెట్టి చివరిదాకా పూడ్చేసింది. కాలితో తొక్కి చదును చేసింది. తరవాత పది అడుగులు ఇవతలికి వచ్చి, చీర కొంగు నడుముకి బిగించి, గునపం ఎత్తింది.

“ఇది పిచ్చా?” అన్నాడు సూరిబాబు.

“నీకు పని తగ్గించేను కదరా అన్నయ్యా. ఇంటికెళ్ళి పడుకో,” అంది మంగ.

“మదోడా! ఇంకా చూస్తారేంటి, రండి!” అని బండి స్టార్ట్ చేశాడు. నలుగురూ వెళ్ళారు. వెనక కూర్చున్న ఒకడు మాత్రం మలుపు తిరిగేదాకా తల తిప్పి చూస్తూనే ఉన్నాడు.

రామ్మూర్తిగారు చేతిలో ఫోను పట్టుకుని నిలబడిపోయారు. రాజోలుకి చేయాలా వద్దా అని ఆయన మొహంలో కనిపిస్తూనే ఉంది. మంగ తవ్వుతోంది. మిగతా ఆడవాళ్ళు ఇసక తట్టలు తెచ్చారు, ఇటుకలు అందించారు. కాసేపటికి ఆయన భార్య ఇంట్లోంచి వచ్చి, ఆయన చేతిలోంచి ఫోను తీసుకుని, మంగకి మజ్జిగ ఇచ్చి వెళ్ళింది. ఫోను మళ్ళీ ఇవ్వలేదు.

నేను లేచి సాయం చేయలేదు. చేస్తే అది నేను తవ్విన గాడి అవుతుంది. ఒకసారి మాత్రం, “లోతు చాలు, ఊటొస్తుంది,” అన్నాను.

“తెలుసులెండి,” అంది విసుగ్గా.

దీపాలు పెట్టే వేళకి గాడి అయింది. మూతి ఉత్తరానికి ఉంది. మంగ అరచేతులు బొబ్బలెక్కాయి. కొబ్బరినూనె రాసుకోమన్నాను. పిండి కలిపేటప్పుడు వాసన వస్తుందని రాసుకోలేదు.

మర్నాడు పొద్దున్న

తెల్లవారేసరికి గాలి ఉత్తరం నుంచి వచ్చింది. మంగ స్నానం చేసి వచ్చి, గాడి మూతికి పసుపు రాసి, కర్పూరం వెలిగించి కొబ్బరిడొక్కల మధ్య పెట్టింది. మంట లోపలికి పోయింది. పొగ అవతలి చివర తేలింది. రామ్మూర్తిగారు దణ్ణం పెట్టి, పందిరి పని చూసుకోవడానికి వెళ్ళారు.

పప్పు ఉడికింది. అన్నం గుండిగ ఎవరూ దింపలేదు. కింద కట్టెలు లాగేసి, జల్లిగరిటెతో అన్నం గంపల్లోకి తోడారు. గంజి పశువులకి పోయించాను.

పులిహోర కలుపుతుండగా సూరిబాబు వచ్చాడు. వెనకాల ముగ్గురు వచ్చారు. నాలుగోవాడు అప్పటికే వచ్చి నీళ్ళు తోడుతున్నాడు. సూరిబాబు ఎవరినీ కేక వేసి పిలవలేదు. పూడ్చిన గాడిని చూశాడు, వెలుగుతున్న గాడిని చూశాడు.

“కాఫీ ఉందేంటి?” అన్నాడు.

“ఉంది. పనసకాయలు కొట్టేక,” అంది మంగ తల ఎత్తకుండా.

సూరిబాబు జిగురు అంటకుండా చేతులకి నూనె రాసుకుని, కత్తి తీసుకుని పనసకాయ ముందు కూర్చున్నాడు. నూనె కావలసినదానికన్నా ఎక్కువే రాసుకున్నాడు.